తలుపు తాళం

ఆమెకు తల్లిదండ్రులు పెట్టిన పేరొకటి ఉంది. అది జీతాల పట్టీలో తప్ప మరెక్కడా కనబడదు. బడిలో ఆరో తరగతి పిల్లల దగ్గర్నుంచి డ్రాయింగు మాస్టారి దాకా అందరికీ ఆమె కవరమ్మే. పిల్లలు పెట్టిన పేరది. పిల్లలు ఒకసారి పేరు పెట్టారంటే ఇక దానికి తిరుగుండదు.

ఆమె బడిలో అటెండరు. గంట కొట్టడం, గదుల తాళాలు తీయడం, టీ తేవడం, సర్క్యులర్ పుస్తకం తరగతి తరగతికీ తిప్పడం ఆమె పనులు. వీటిలో దేనివల్లా ఆమెకు పేరు రాలేదు. ఏడాదికి నాలుగైదుసార్లు గోధుమరంగు కవరు సంచిలో వేసుకుని, కవరు అందుకున్నవాళ్లు సంతకం చేసే తపాలా పుస్తకం చంకన పెట్టుకుని, గొడుగు విప్పుకుని వీధుల్లోకి వెళ్లే పని ఇంకొకటుంది. పేరు దానివల్ల వచ్చింది. ఆ కవరులో ఎప్పుడూ ఒకే సంగతి: మీ పిల్లను బడి నుంచి తీసివేస్తున్నాం, వచ్చి టీసీ పట్టుకుపొండి.

అలాంటి మనిషి వీధిలోకి వస్తే ఎవరికి సంబరం? సంచి కనబడగానే కిటికీలు మూసుకునేవి. బట్టలు ఆరేస్తున్న ఆవిడ తడిబట్ట చేత్తో పట్టుకునే, కవరమ్మ ఏ గుమ్మం ముందు ఆగుతుందో చూసేది. తన గుమ్మం దాటాక ఊపిరి పీల్చుకుని, ఆ బట్ట తీగ మీద వేసేది. ఇన్నేళ్లలో ఆ వీధుల్లో కాసేపు కూర్చోమన్నవాళ్లు ఒక్కరే. మిగిలినవాళ్లను తప్పుపట్టి లాభం లేదు. కాని ఎండలో తిరిగే మనిషికి తప్పొప్పులకంటే గ్లాసుడు నీళ్లు ముఖ్యం.

పోనీ ఇంటికెళ్తే నీళ్లిచ్చేవాళ్లున్నారా అంటే అదీ లేదు. భర్త అదే బడిలో అటెండరుగా ఉండేవాడు. పెళ్లయిన నాలుగో ఏట జ్వరం వచ్చి పోయాడు. ఆయన ఉద్యోగం, ఆయన కూర్చున్న స్టూలు, ఆయన కొట్టిన గంట ఈమెకు వచ్చాయి. పిల్లల్లేరు. ఒక గది, ముందు చిన్న వరండా. పొద్దున తాళం వేసేదీ సాయంత్రం తాళం తీసేదీ తనే. ఒక్కరికి వండుకోవడం ఎంత కష్టమో నలుగురికి వండేవాళ్లకు తెలియదు. గుప్పెడు బియ్యం పోస్తే చాలవు, రెండు గుప్పిళ్లు పోస్తే మిగిలిపోతుంది. మిగిలింది మర్నాడు తింటూ ఆమె తనతో తనే మాట్లాడుకునేది. జవాబులు కూడా తనే చెప్పుకునేది గనక ఏనాడూ పోట్లాట రాలేదు.

కూర్చోమన్న ఆ ఒక్కరి సంగతి చెప్పాలి. ఉద్యోగంలో చేరిన తొలి ఏడాది ఒక కవరు పట్టుకెళ్లింది. ఆ తల్లికి చదువు రాదు. చాప వేసి కూర్చోబెట్టి, నీళ్లిచ్చి, నువ్వే చదివి పెట్టమ్మా అంది. ఈమె చదివింది. ఎనిమిదో తరగతి చదువుతున్న కూతురు గుమ్మం పట్టుకుని నిలబడి వింది. "బడి నుంచి తీసివేయడమైనది" అన్నచోట ఈమె గొంతు ఆగింది గాని కాగితం ఆగదు కదా. తల్లి పుస్తకంలో వేలిముద్ర వేసి, ఇంత దూరం నడిచొచ్చావు, చల్లగా ఉండమ్మా అని పంపించింది. నెల తిరక్కముందే ఆ పిల్ల కుట్టు కార్ఖానాలో చొక్కాలకు వేలాడే దారాలు కత్తిరిస్తూ కనబడింది. ఈమెను చూసి తల దించుకుంది. దించుకోవలసిన తల తనదని కవరమ్మకు ఆ రోజే అనిపించింది.

అప్పట్నుంచి ఆమె ఒక విద్య నేర్చుకుంది. పెద్దవాళ్ల సంతకం పడితేనే తీసివేత ఖాయం. సంతకం పడకపోతే కవరు వెనక్కి వస్తుంది. అందుకని ఆమె కవరు తీసుకుని బడి గేటు దాటి, కూరగాయల మార్కెట్టు వెనక సిమెంటు బెంచీ మీద గంటసేపు కూర్చుని, కవరు వెనక "తలుపు తాళం" అని రాసి, తేదీ వేసి, సంతకం చేసి తిరిగొచ్చేది. అలా మూడుసార్లు. పాత హెడ్మాస్టరుగారి కోపం పాలపొంగు లాంటిది. చప్పున లేస్తుంది, చప్పున దిగుతుంది. మధ్యలో ఆమె ఆ పిల్లనో పిల్లవాణ్ణో పట్టుకుని, పోయి సారు గది ముందు నిలబడు, ఏమీ మాట్లాడకు, ఏడుపొస్తే ఏడువు, రాకపోతే ఊరుకో అని చెప్పి పంపేది. మూడోసారి కవరు వెనక్కి వచ్చేసరికి హెడ్మాస్టరుగారు దాన్ని సొరుగులో పడేసి, సరేలే, తరగతికి పొమ్మను అనేవారు. నిదానమే ప్రధానం అన్న మాటను అంతగా నమ్ముకున్న మనిషి ఇంకొకరు ఉండరు.

కోపం దిగనప్పుడు మాత్రం కవరు ఇంటికి చేర్చక తప్పేది కాదు. అలా నిలిచినవాళ్లు పందొమ్మిది మంది. లెక్క ఆమెకొక్కదానికే తెలుసు. ఆ పందొమ్మిది మందికీ తెలియదు. వాళ్లలో ఒకమ్మాయి ఇప్పుడు ఆసుపత్రిలో నర్సు. ఒకసారి జ్వరానికి వెళ్తే ఆ అమ్మాయే సూది వేసింది. చెయ్యి వదులుగా పెట్టండి అంది, దూది అదిమిపట్టమంది, తరవాతివాళ్లను పిలిచింది. గుర్తుపట్టలేదు. కవరమ్మ ఇంటికొచ్చి చాలాసేపు సంతోషపడింది. ఆ తరవాత, ఆ సంతోషం చెప్పుకోవడానికి మనిషి లేక ఏడ్చింది.

ఇలా ఉండగా పాత హెడ్మాస్టరు రిటైరయ్యారు. ఆయన స్థానంలో ఒక మేడం వచ్చింది. నవ్వు తక్కువ, న్యాయం ఎక్కువ. పిల్లలను వాళ్ల మాటా వాళ్లింటివాళ్ల మాటా వినకుండా తీసేయడమేమిటి, గోటితో పోయేదానికి గొడ్డలెందుకు అంది. రెండు పేజీల సర్క్యులర్ రాసింది. ఇక మీదట కవరులో వెళ్లేది తీసివేత కాగితం కాదు, పిలుపు. ఇంటివాళ్లు వచ్చి కమిటీ ముందు మాట్లాడితే పిల్లను తీసేయరు. లైబ్రరీ పక్క గదిలో కొన్నాళ్లు విడిగా కూర్చోబెట్టి, ఒక టీచరును తోడిచ్చి, మళ్లీ తరగతిలో కలుపుతారు. కవరు మూడుసార్లు అందకపోతే మాత్రం ఇంటివాళ్లకు పట్టలేదని కమిటీ తనంతట తనే తేల్చేస్తుంది.

ఆ సర్క్యులర్ పుస్తకాన్ని ముప్పై ఒక్క బల్లల మీదికి మోసిందెవరు? కవరమ్మే. ముప్పై ఒక్కమందీ చదివారో లేదో గాని సంతకాలు పెట్టారు. అటెండరు పేరు ఆ పట్టీలో ఉండదు. ఆమెకు చదువు రాక కాదు, పదో తరగతి పాసయింది. మోసేవాళ్లు చదవాలని ఎవరూ అనుకోరు, ఆఖరికి మోసేవాళ్లు కూడా. కవరు మాత్రం అదే రంగు, అదే కొలత.

తొమ్మిదో తరగతిలో ఒక పిల్ల ఉండేది. పొడుగ్గా, ఎప్పుడూ ఎవరితోనో దెబ్బలాటకు సిద్ధమన్నట్టు భుజాలు బిగించుకుని నడిచేది. తల్లి లేదు. తండ్రి లారీ డ్రైవరు, పది రోజులకోసారి ఇల్లు చూసేవాడు. ఇంట్లో ఉండేది చెవులు వినబడని నాయనమ్మ. మధ్యాహ్నం తరగతంతా గుంపులుగా కూర్చుని తింటుంటే, ఈ పిల్ల డబ్బా పట్టుకుని గంట కింద మెట్టు మీదికొచ్చి కవరమ్మ స్టూలు పక్కన చేరేది. ఇద్దరూ పెద్దగా మాట్లాడుకునేవాళ్లు కాదు. రెండేళ్లలో వాళ్లు మాట్లాడుకున్నదంతా రాస్తే ఒక పేజీ నిండదు. ఒకరోజు మాత్రం, కొడతావా అని సుత్తి ఆ పిల్ల చేతికిచ్చింది. పిల్ల ఉత్సాహం కొద్దీ ఒక దెబ్బ ఎక్కువ కొట్టింది. బడి వదిలిన గంటేమో అనుకుని ఆరో తరగతి మొత్తం సంచులు తగిలించుకుని బయటికొచ్చింది. ఆ రోజు ఇద్దరూ నవ్విన నవ్వు కవరమ్మకు వారం రోజులు వచ్చింది.

ఒక గురువారం లెక్కల టీచరు ఆ పిల్లను బోర్డు దగ్గరికి పిలిచింది. లెక్క రాలేదు. మీ ఇంట్లో చెప్పే దిక్కు లేదా అని టీచరు ఏదో అలవాటు మీద అంది. తరగతి నవ్వింది. పిల్ల చేతిలో డస్టరుంది. విసిరింది. టీచరు కళ్లజోడు పగిలి, కనుబొమ మీద రెండు కుట్లు పడ్డాయి. మేడం పిల్లను పిలిచి, ఇంటికి కవరొస్తుంది, అంతదాకా బడికి రాకు, కవరు అందాక మీవాళ్లను వెంటబెట్టుకుని రా అని పంపేసింది.

సోమవారం కవరు కవరమ్మ చేతికొచ్చింది, సర్క్యులర్ తరవాత అదే మొదటిది. పైన ఆ పిల్ల ఇంటి చిరునామా ఉంది. ఇక ఆలోచించేదేముంది, తిన్నగా సిమెంటు బెంచీ దగ్గరికి వెళ్లి కూర్చుంది. సోమవారం తలుపు తాళం. మంగళవారం తలుపు తాళం. బుధవారం తలుపు తాళం. ఆ పిల్ల ఉండే సందు మొగదాకా కూడా వెళ్లలేదు. వెళ్తే పిల్ల చూస్తుంది. తన పక్కన కూర్చుని అన్నం తిన్న ఒక్క మనిషి, తన చేతిలో ఆ కవరు చూడకూడదు. ఇందులో ఆ పిల్ల మీద దయెంత, తన మీద తనకు జాలెంత అని అడిగితే ఆమె చెప్పలేకపోయేది. మధ్యాహ్నాలు మాత్రం ఖాళీ మెట్టు చూస్తూ తినేది. ఇంకో నాలుగు రోజులు, మేడం చల్లబడుతుంది, అంతా సర్దుకుంటుంది అనుకునేది.

శుక్రవారం పదిన్నరకు క్లర్కు ఆమెను పిలిచి, మేడం గదిలో ఆరు కుర్చీలు వెయ్యమన్నాడు. వేసింది. పదకొండుకు ఐదుగురు వచ్చి కూర్చున్నారు. ఆమె టీ పట్టుకెళ్లింది. ఆరో కుర్చీ ఖాళీగా ఉంది. ఈ టీ ఎవరికని క్లర్కును మెల్లగా అడిగింది.

"ఆ డస్టరు పిల్ల తండ్రికి. వచ్చి ఒక్క మాట చెప్పుకుంటే పిల్లను ఉంచేస్తారు. వస్తేగా."

మేడం కవరు తిప్పి అందరికీ చూపించింది. మూడుసార్లు పంపాం, మూడుసార్లూ తాళం, కన్నవాళ్లకే పట్టకపోతే మనమేం చేస్తాం అంది. ఆ మాటలో కోపం లేదు, విసుగు కూడా లేదు, నిజంగానే బాధపడింది. పావుగంట చూశారు. తరవాత హాజరు పట్టీ తెప్పించి పేరు మీద ఎర్రగీత గీశారు. టీసీ సోమవారం రాయమన్నారు.

కవరమ్మ ట్రే పట్టుకుని అక్కడే ఉంది. నోరు తెరవలేదు. తెరవాలని ఉంది, తెరుచుకోలేదు. ఇరవై రెండేళ్లు నోరు మూసుకుని చేసిన మంచి, అవసరమొచ్చినప్పుడు కూడా నోరు తెరవనివ్వలేదు. బయటికొచ్చి, ఎవరూ తాగని ఆ ఆరో టీ మొక్కల్లో పారబోసింది. గంట కొట్టాల్సిన వేళ దాటిపోయిందని ఎవరో వచ్చి చెప్పేదాకా ఆమెకు తెలియలేదు. ఆలస్యం అమృతం విషం అని ఆమెకు చిన్నప్పుడే ఎవరో చెప్పారు. అది వేరేవాళ్ల కోసం పుట్టిన మాట అనుకుంది.

శని, ఆదివారాలు ఆమె ఎలా గడిపిందో ఆ గది గోడలకే తెలియాలి. వెళ్లి ఆ ఇంటి తలుపు తట్టి నిజం చెబుదామని రెండుసార్లు చెప్పులు వేసుకుంది, రెండుసార్లూ విప్పేసింది. రిటైరవడానికి ఇంకా రెండేళ్లుంది. ఉద్యోగం పోతే ఎలా అన్న భయం ఉంది. అంతకంటే పెద్ద భయం, గంట కొట్టే పని కూడా లేకపోతే పొద్దున లేచి ఎక్కడికి పోవాలన్నది.

సోమవారం పొద్దున్నే లారీ డ్రైవరు వచ్చాడు. వెనక కూతురు. పిల్లను గేటు దగ్గర నిలబెట్టి లోపలికొచ్చాడు. పక్కింటి పిల్ల శనివారం చెప్పిందట, శుక్రవారం మధ్యాహ్నం హాజరులో మీ అమ్మాయి పేరు పిలవలేదని. మేడం అతన్ని కూర్చోమని, కవరు తీసి బల్ల మీద పెట్టి, మూడుసార్లు మీ ఇంటికి మనిషిని పంపామండీ, ఇల్లు తాళం వేసుంది అంది. కవరమ్మ తలుపు దగ్గర నిలబడి ఉంది.

డ్రైవరు కవరు చేతిలోకి తీసుకుని ఒకటికి రెండుసార్లు చదివాడు.

"మా ఇంటికి తాళమే లేదు మేడం. మా అమ్మకు వినబడదు, ఎవరొచ్చి తలుపు కొట్టినా తెలీదు. అందుకని పగలంతా తీసే ఉంచుతాం. వారం నుంచి నేను లారీ ఎక్కలేదు. కవరొస్తుందంటే గుమ్మంలోనే కూర్చున్నాను. పిలవకుండా వస్తే ఇంకేమంటారోనని ఆగాను."

మేడం ముఖం కొంచెం బిగుసుకుంది. ఇలాంటి మాటలు ఆమె చాలా విని ఉంటుంది.

"చూడండి, ఈవిడ ఇరవై రెండేళ్లుగా ఈ పని చేస్తోంది. ఒక్క మాట పడలేదు. ఎండనక వాననక తిరిగే మనిషి రాసింది అబద్ధమంటారా?"

కవరమ్మ కోసం ఒకరు నిలబడి మాట్లాడటం ఆమె జీవితంలో అదే మొదలు. ఇన్నేళ్లూ ఎవరైనా ఒక్కసారి అంటే బాగుండుననుకున్న మాట, ఇప్పుడు, ఇలా వచ్చింది. ఊరుకుంటే ఆ మాట తనకు మిగులుతుంది. ఎదురుగా గేటు దగ్గర ఆ పిల్ల, భుజాలు బిగించుకుని నిలబడి ఉంది.

"అబద్ధమే మేడం," అంది కవరమ్మ. "నేను వెళ్లలేదు. మూడు రోజులూ వెళ్లలేదు."

 ఎందుకని మేడం అడిగింది.

"ఇస్తే పిల్లను తీసేస్తారనుకున్నాను."

"ఇవ్వనందుకు తీసేశాం," అంది మేడం.

సర్క్యులర్ చూడలేదా అని కూడా అడిగింది. నేనే తిప్పాను మేడం, నన్ను సంతకం అడగలేదు అని కవరమ్మ చెప్పింది.  డ్రైవరు ఏమంటాడోనని ఆమె ఎదురుచూసింది. తిట్టినా బాగుండేది. అతను కవరును జాగ్రత్తగా బల్ల మీద పెట్టి, మరి మా అమ్మాయి సంగతి అన్నాడంతే. కవరు అందలేదు గనక శుక్రవారం నిర్ణయం చెల్లదు, గురువారం పదకొండుకు కమిటీ మళ్లీ కూర్చుంటుంది, తప్పకుండా రండి అని మేడం చెప్పింది. అతను వెళ్లాక కవరమ్మ వైపు తిరిగింది. మీ మనసు నాకు అర్థమైంది, కాని ఇది నేను కప్పిపుచ్చలేను, పైకి రాయాలి, మెమో వచ్చేదాకా ఇంటి దగ్గరే ఉండండి అంది. తాళాల గుత్తి బల్ల మీద పెట్టి కవరమ్మ బయటికొచ్చింది.

గేటు దగ్గర ఆ పిల్ల దారికి అడ్డంగా నిలబడింది. తండ్రి అప్పటికే చెప్పినట్టున్నాడు.

"నాన్న గుమ్మంలో కూర్చుంటే నేను అరుగు మీద కూర్చున్నాను పెద్దమ్మా. కవరు నువ్వే తెస్తావుగా అని. వేరేవాళ్లయితే భయం గాని నువ్వే కదా అనుకున్నాను. నువ్వు రాలేదు."

కవరమ్మ చెయ్యి చాపింది. పిల్ల భుజం వెనక్కి తీసుకుని తండ్రి వెంట వెళ్లిపోయింది. పందొమ్మిది మందికి ఆమె చేసింది తెలియదు. ఈ ఒక్క పిల్లకు మాత్రం తెలిసింది.

ఆ తరవాత రోజులు పొడుగైపోయాయి. పొద్దున ప్రార్థన గంట వేళకు చెయ్యి దానంతటదే లేచేది. కవరమ్మ తలుపు తెరిచి వరండాలో కూర్చునేది. ఇంటికి తాళం వెయ్యడం మానేసింది. వేసుకుని పోయేందుకు చోటూ లేదు. వీధిలో వాళ్లు చూస్తూ పోయేవాళ్లు. చేతిలో సంచి లేకపోయినా ఆమె అదే మనిషి. కిటికీలు ఆ అలవాటు అంత తొందరగా మరిచిపోవు. గురువారం పదకొండింటికి గోడ గడియారం కిందే నిలబడింది. అక్కడ ఆరు కుర్చీలు ఎవరు వేశారో, ఆరోదాంట్లో అతను కూర్చున్నాడో లేదో తెలియలేదు. అడగడానికి పోతే ఏ ముఖం పెట్టుకుని పోవాలి? శుక్రవారం కూడా ఎవరూ రాలేదు. శని, ఆదివారాలు అన్నం వండుకోలేదు.

సోమవారం మధ్యాహ్నం బడి తోటమాలి వచ్చాడు. ఆమె గొడుగు, ఆమె సంచి, ఆమె తపాలా పుస్తకం అతని దగ్గరున్నాయి. ఎండకు ముఖం కందిపోయింది. ఆమె లేచి చాప వేసి, కూర్చోబెట్టి, గ్లాసుడు నీళ్లిచ్చింది. అతను ఒక గుక్కలో తాగేసి, ఇంకొకటి అడిగాడు. ఈ వీధుల్లో ఒక్కళ్లూ నీళ్లివ్వరేంటక్కా అన్నాడు. ఆమె ఇంకో గ్లాసు తెచ్చింది.

"ఆ పిల్ల?" అని అడిగింది.

"ఉంచేశారక్కా. వాళ్ల నాన్నొచ్చాడు. మాట్లాడింది తక్కువే, చేతులు కట్టుకుని కూర్చున్నాడంతే. పిల్ల ఆ లెక్కల టీచరుగారి ముందు నిలబడి ఏదో చెప్పింది. మూడు వారాలు లైబ్రరీ పక్క గదిలో. ఆ తరవాత తరగతికే."

ఆమె గోడకు ఆనుకుంది. 

"అన్నం ఎక్కడ తింటోంది?"

"ఆ మెట్టు మీదే. ఒక్కతే. స్టూలు ఖాళీగా ఉంది కదా, దాని మీద కూర్చోమన్నాను. వద్దంది."

 తోటమాలి సంచిలోంచి గోధుమరంగు కవరు తీశాడు గాని ఆమెకివ్వలేదు. మోకాలి మీద పెట్టుకుని, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు. సంతకం పెడితే పదిహేను రోజుల్లో జవాబిచ్చుకోవాలట, జవాబు నచ్చకపోతే ఉద్యోగమే ఉండదట, క్లర్కు చెప్పాడు. మేడం కోపం కాస్త చల్లారనిస్తే మంచిదని తనకు తోచింది.

"నేను నీళ్లు తాగినట్టు ఎవరికీ తెలీదక్కా. తలుపు తాళం అని రాసుకుపోతాను. రెండు మూడుసార్లు అలా తిప్పితే వాళ్లే మరిచిపోతారు."

అతని ముఖంలో దొంగతనం లేదు. మంచితనం, నిజమైన మంచితనం ఉంది. ఇరవై రెండేళ్లు బెంచీ మీద కూర్చున్న తన ముఖం ఎలా ఉండేదో ఆమె అప్పుడు చూసింది.

"వద్దు తమ్ముడూ," అంది. "ఇంట్లోనే ఉన్నానని రాయి."

కవరు అందుకుంది. తపాలా పుస్తకం మోకాలి మీద పెట్టుకుని, ఎప్పుడూ వేరేవాళ్లు సంతకం చేసే గడిలో, ఎవరూ పిలవని తన పూర్తి పేరు రాసింది.